తూర్పు హద్దు

మిరపకాయ ఎండబోసే రోజుల్లో పల్నాడు బయల్దేరాను. గుంటూరు నుంచి పేరేచర్ల దాటాక ఎడమచేతి వైపు కొండవీటి కొండలు మొదలై ఫిరంగిపురం దాకా పక్కనే నడిచొస్తాయి. రోడ్డుకి ఇటూ అటూ కల్లాల్లో పట్టాలు పరిచి కాయ పోశారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. చేలల్లో కోతకొచ్చిన కూలీలు చాలామంది కర్నూలు వైపు వాళ్ళు, పిల్లాజెల్లాతో వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళు. కిటికీలోంచి కొట్టిన ఘాటుకి నేను ఆపకుండా తుమ్ముతుంటే పక్క సీటు పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోమని సైగ చేసి, మళ్ళీ కునుకులోకి జారుకుంది. ఆ బస్సులో తుమ్మింది నేనొక్కదాన్నే.

ఫిరంగిపురం చర్చి కనిపించినప్పుడు కాస్త అసూయ కలిగింది. కథోలిక విచారణల్లో బాప్తిస్మం పుస్తకాలుంటాయి, పెళ్ళి పుస్తకాలుంటాయి, సమాధుల పుస్తకాలుంటాయి. తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఒకచోట దొరుకుతాయి. మా వంటి వ్యవసాయం ఇళ్ళల్లో పుట్టుకలు, చావులు ఎవరు రాసిపెట్టారు? పిచ్చిగుంట్లవాళ్ళు వచ్చి గోత్రం, వంశం చదివి గింజలు పెట్టించుకుని వెళ్ళేవారట. ఆ చదువు వాళ్ళ నోటితోనే పోయింది. మాకు మిగిలింది భూమి కాగితమొక్కటే.

మా తాతయ్య చిన్నతనంలోనే ఊరు విడిచాడు. "మనది రొంపిచెర్ల" అన్న మాట ఇంట్లో చెక్కుచెదరకుండా ఉంది గానీ, ఆ ఊళ్ళో మా ఇంటిపేరు వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. నాన్న ట్రంకుపెట్టెలో దొరికింది ఒకే ఒక్క శిస్తు రశీదు. దాని మీద ఫసలీ సంవత్సరం, సర్వే నంబరు ఉన్నాయి. ఫసలీకి 590 కలుపుకుంటే మనకి తెలిసిన సంవత్సరం వస్తుంది. ఈ ప్రయాణానికి ఆ సర్వే నంబరే నాకు చేతికర్ర.

నరసరావుపేటని పల్నాటి ముఖద్వారం అంటారు. 18వ శతాబ్దం చివర మల్రాజు వంశపు జమీందారు తన పేరున కట్టించుకున్న ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లాకి ముఖ్యపట్టణం కూడా ఇదే. టీ కొట్టు దగ్గర నిలబడితే ఒకవైపు పత్తి ధర, మరోవైపు కోర్టు వాయిదా, ఈ రెండు కబుర్లే వినిపించాయి. పల్నాడుకి ఆస్తి తగాదా కొత్తేమీ కాదు. 12వ శతాబ్దంలో కారెంపూడి దగ్గర జరిగిన పల్నాటి యుద్ధం కూడా తేల్చిచెబితే సవతి అన్నదమ్ముల భాగాల గొడవే. ఒకరికి గురజాల, ఇంకొకరికి మాచర్ల.

జమీందార్ల ఇళ్ళ చరిత్ర వెతకడం సులువు. గుంటూరు సీమలో అందరికంటే పెద్ద జమీందారైన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1816లో పోయాడు. ఆయన ముందు ఒకరిని దత్తత చేసుకుని, ఆ కొడుకు బతికుండగానే రెండోవాణ్ణి దత్తత తీసుకున్నాడు. ఆయన తర్వాత ఆస్తి ఎవరిదన్న వ్యాజ్యం ఒక తరాన్ని మింగి, సముద్రం దాటి ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. దత్తపుత్రుడుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పొచ్చింది. కేసు పేరు రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ. హిందూ ధర్మశాస్త్రం చదివే లా విద్యార్థి ఈనాటికీ ఆ పేరు దాటకుండా పరీక్ష రాయలేడు. అంతకు ముందే 1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. శిస్తు బకాయిలతో జమీలు కుంపెనీ చేతికి పోయాయి. జమీలు పోయినా వాళ్ళ పేర్లు మాత్రం అచ్చయిన తీర్పుల్లో నిలిచాయి. పదెకరాల మెట్ట దున్నుకున్నవాడి పేరు ఏ తీర్పులో ఉంటుంది?

ఈ సంగతే ఒక దస్తావేజు లేఖరిని అడిగాను. వేపచెట్టు కింద బల్ల, బల్ల మీద స్టాంపు ప్యాడ్, జేబులో మూడు రంగుల పెన్నులు. నా రశీదు చూసి, "ఇంటిపేరుతో వెతక్కండమ్మా, దొరకదు. నంబరుతో పట్టుకోండి," అన్నాడు. రిజిస్ట్రారు కచేరీలో మొదటి పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కిస్తారు. దానికి రెండు సూచికలుంటాయి. ఒకటి మనుషుల పేర్ల వరసలో, రెండోది ఊరు, భూమి వరసలో. 1983 తర్వాతివైతే కంప్యూటర్లో ఈసీ (ఆస్తి మీది లావాదేవీల పట్టిక) తీయొచ్చు. అంతకు ముందువి పుస్తకాలు దింపి చూడాల్సిందే. వీలునామాలకీ దత్తత అధికార పత్రాలకీ వేరే పుస్తకం ఉంది, అది మూడోది. రాసినవాళ్ళు బతికుండగా వాళ్ళకి తప్ప ఇంకెవరికీ దాని నకలు ఇవ్వరు. పోయాక మాత్రం ఎవరు అర్జీ పెట్టినా ఇస్తారు. "బతికున్నంతకాలం గుట్టు, పోయాక బహిరంగం," అని నవ్వాడాయన.

మన పాత ఇళ్ళల్లో వీలునామాలు ఎందుకు అంత అరుదో కూడా ఆయన మాటల్లోనే అర్థమైంది. ఉమ్మడి కుటుంబంలో పిత్రార్జితం పుట్టుకతోనే కొడుకులది. తండ్రి రాసి ఇవ్వడానికి అందులో ఆయన సొంతమేదీ? స్వార్జితం ఉన్నవాడికీ, కొడుకులు లేనివాడికీ మాత్రమే ఆ అవసరం. వాళ్ళయినా కాగితం మీద పెట్టాలన్న నియమం లేదు. 1870లో వచ్చిన హిందూ వీలునామాల చట్టం మన వైపు మద్రాసు పట్నానికే వర్తించింది, గుంటూరు పల్లెలకి రాలేదు. మంచం చుట్టూ నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని నోటిమాటగా చెప్పినా ఇక్కడ చెల్లుబాటే. 1927 జనవరి 1 నుంచి పద్ధతి మారింది. ఎక్కడి హిందువైనా సరే, వీలునామా కాగితం మీద ఉండాలి, రాసినవాళ్ళ సంతకమో వేలిముద్రో ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఇంగ్లండులో 1858 నుంచి నిరూపణ అయిన ప్రతి వీలునామాకీ ఏడాదికో పట్టిక వేసి పెట్టారు. చెంచాలు ఎవరికి, గడియారం ఎవరికి అన్నది కూడా అక్కడి మునిమనవలు చదువుకుంటారు. మన మునిమనవలకి ఆ మంచం చుట్టూ కూర్చున్నవాళ్ళే దిక్కు.

మా సర్వే నంబరు మీద పాతకాలంలో దస్తావేజు ఒక్కటీ లేదు. అమ్మలేదు, కొనలేదు, తనఖా పెట్టలేదు. గుట్టుగా బతికిన కుటుంబం రికార్డులో కనిపించదు. కష్టాల్లో ఉన్నవాడే మాటిమాటికీ రిజిస్ట్రారు ముందు నిలబడతాడు. లేఖరి కాసేపు ఆలోచించి, "పక్క నంబరు చూద్దాం," అన్నాడు.

పక్క నంబరు వాళ్ళు మూడు తరాలుగా అప్పులు చేశారు. వాళ్ళ కష్టం నాకు కలిసొచ్చింది.

మొదటి నకలు తనఖా దస్తావేజు. పైన కృష్ణా జిల్లా, నరసరావుపేట తాలూకా అని ఉంది. 1859లో గుంటూరు జిల్లాని తీసేసి కృష్ణా, గోదావరి జిల్లాల్లో కలిపారు. గుంటూరు మళ్ళీ జిల్లా అయింది 1904లో. ఆ మధ్యకాలపు కాగితం వెతికేవాళ్ళు గుంటూరు అని అడిగితే చేతికేమీ రాదు. దస్తావేజు నిండా నిధి నిక్షేప జల పాషాణాలంటూ అష్టభోగాల వరస. రాగిరేకుల మీద రాజులు దానం చేసిన నాటి మాటలు పదెకరాల తనఖా కాగితం దాకా దిగొచ్చాయి. చివర నాలుగు హద్దులు. తూర్పు హద్దు దగ్గర ఒక రైతు పేరు, ఆయన చేను. ఆ ఇంటిపేరు మాది కాదు, నేనెప్పుడూ విన్నది కాదు.

రెండో నకలులో అదే తూర్పు హద్దు: ఫలానావారి భార్య ఫలానా ఆమె అనుభవంలో ఉన్న చేను. మూడోదాంట్లో తూర్పు హద్దున మా ముత్తాత పేరు, మా ఇంటిపేరుతో సహా.

అమ్మకం కాగితం లేదు, దానం లేదు, దత్తత లేదు. చేను మాత్రం ఒక ఇంటిపేరు నుంచి ఇంకో ఇంటిపేరుకి మారింది. మధ్యలో ఒక ఆడమనిషి నిలబడింది. ఈ మూడు ముక్కలు చేతిలో పట్టుకుని రొంపిచెర్ల దారి పట్టాను.

ఆ దారిలో నేల రంగు చూస్తేనే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలుస్తుంది. సాగర్ కుడి కాలువ నీళ్ళు అందినచోట వరి మడులు, మిగతాచోట నల్లరేగడిలో మిరప, పత్తి మోళ్ళు. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేస్తే 1967 ఆగస్టులో కాలువలకి నీళ్ళు వదిలారు. తాతయ్య చెప్పే ఊళ్ళో జొన్న, వరిగ, ఆముదం, మోటబావులు ఉండేవి. ఆ ఊరిని ఈ ఊళ్ళో పోల్చుకోవడం కష్టం.

పల్లెటూళ్ళో ముందు మంచినీళ్ళిస్తారు, తర్వాతే ప్రశ్నలు. రచ్చబండ దగ్గర ఆగితే ఇంట్లోంచి స్టీలు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, తాగేదాకా ఆగి అడిగారు. "ఎవరోళ్ళమ్మా మీరు?" ఇంటిపేరు చెప్పాను. "ఆ ఇంటిపేరోళ్ళు ఈ ఊళ్ళో లేరే!" వయసుబట్టి మరో ఇద్దరిని కేకేశారు. వాళ్ళదీ అదే మాట. అప్పుడు నకలులో ఉన్న పక్క నంబరు వాళ్ళ పేరు చెప్పాను. "వాళ్ళా! అదుగో, ఆ డాబా ఇల్లు," అని ఒక కుర్రాణ్ణి తోడిచ్చి పంపారు.

ఆ ఇంటి పెద్దాయనకి ఎనభై దాటాయి. కాగితాలు చూడకుండానే, నేను మూడో దస్తావేజు సంగతి చెబుతుండగానే మధ్యలో ఆపేశాడు.

"అంటే నువ్వు ఇల్లరికపోళ్ళ పిల్లవా?"

ముత్తాత ఆ ఊరివాడు కాదు. కొడుకుల్లేని రైతు తన ఒక్కగానొక్క కూతురికి చిన్నప్పుడే పెళ్ళి చేసి అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకున్నాడు. అల్లుడికి యుక్తవయసు రాకముందే మామగారు పోయాడు. ఆ నడిమి కాలంలో సేద్యం నడిపింది అత్తగారు, అంటే మా తాతయ్యకి అమ్మమ్మ. రెండో నకలులో తూర్పు హద్దున నిలబడ్డ ఆడమనిషి ఆమే. ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానంగా హక్కుంటుందన్న మన వైపు రైతుల ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 1880ల్లోనే ఒప్పుకుంది. మామగారి మాట నోటిమాటే. విన్నవాళ్ళలో ఈ పెద్దాయన తాత ఒకడట. ఆ అల్లుడు తన ఇంటిపేరు మార్చుకోలేదు గనక మా ఇంటిపేరు ఊరికి అతకలేదు. ఊరికి మేం ఇల్లరికపోళ్ళమే.

నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ ఇంటిపేరు పట్టుకుని వెతికినవాళ్ళం మగవాళ్ళ దారి వెతికాం. ఈ ఊళ్ళో మా దారి ఒక కూతురి దారి.

ఆ ఇంట్లో భోజనానికి ఉండమని అడగలేదు, విస్తరి వేసేశారు. దోసకాయ పప్పు, పండుమిరపకాయ పచ్చడి, ఇంటి నెయ్యి, చివర చిక్కటి మజ్జిగ. పచ్చడి కలుపుకోబోతే కోడలు చెయ్యి పట్టుకున్నంత పనిచేసి ఇంకో గరిటె నెయ్యి పోసింది. "హైదరాబాదోళ్ళకి ఇది లేకపోతే కష్టం వదినా," అంది. ఏ వరసన వదిననయ్యానో నాకు తెలియదు, ఆమెకి లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది.

పెద్దాయన మేనమామ వరసవాళ్ళు కరణీకం చేశారట. సాయంత్రం వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసినప్పుడు లెక్కలన్నీ మూటలుగట్టి అప్పజెప్పేశారు. ఆ ఇంట్లో మిగిలింది గొలుసుకట్టు చదవగల ఒక పెద్దమనిషి కళ్ళు. నా నకళ్ళలో కలం ఎత్తకుండా ఒక మాటలోంచి ఇంకో మాటలోకి పాకిపోయే ఆ రాతని ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, కాగితం ముక్కుకి ఆనించుకుని, వీసాలు, పరకలతో సహా గడగడా చదివేశాడు. నేను పోల్చుకోలేక వదిలేసిన చోట ఒక గేదె ధర ఉంది.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. రైతు కుటుంబాల కంటే మాన్యం ఉన్నవాళ్ళ వంశం వెతకడం తేలికట. పూజారి, వైద్యుడు, వడ్రంగి, కమ్మరి, ఎవరికైనా సరే, 1858 తర్వాత ఇనాం కమిషను వచ్చి మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వాళ్ళ వయసెంత, మొదటివాడికి ఏమవుతారు అని గడులు గీసి రాసుకుపోయింది. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టర్లో కమ్మరి కుటుంబానికి మూడు తరాల వివరం దొరకొచ్చు. పక్కనే వందెకరాలున్న రైతుకి ఒక్క గడి కూడా ఉండదు. ఊళ్ళో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న లెక్క రికార్డు గదిలో తారుమారవుతుంది.

మర్నాడు మళ్ళీ నరసరావుపేట వెళ్ళి, చేతిలో ఇప్పుడు ఒక పేరు ఉంది గనక, మూడో పుస్తకానికి అర్జీ పెట్టాను. తాతయ్య అమ్మమ్మ వీలునామా దొరికింది. 1930ల నాటిది.

రెండే పేజీలు. భర్త చేను గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఉండదు కూడా. ఆ రోజుల్లో భర్త నుంచి వచ్చిన భూమి మీద విధవరాలికి బతికున్నంతకాలపు అనుభవమే గానీ రాసిచ్చే హక్కు లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా ఆ గీత చెరగలేదు. ఆమె రాసింది తన పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి గురించి. అది స్త్రీధనం, దానికి ఆమే యజమాని. ఎకరం పైచిలుకు మెట్ట, బావిలో మూడోవంతు, మోట తోలుకునే వంతు, ఒక చూడి గేదె, కంచు సామాను. ఇవన్నీ కూతురికి కాదు. కూతురికి ఎలాగూ చేను ఉంది. కూతురి కూతురికి, అంటే మా తాతయ్య అక్కకి. "మగపిల్లలకు తండ్రి ఆస్తి ఉన్నందునను, ఆడపిల్లకు ఏమియు లేనందునను" అని కారణం కూడా చెప్పించింది.

కచేరీ గుమాస్తా నకలు రాస్తూ వేలిముద్ర ఉన్నచోట ఒక చిన్న గుండ్రం గీసి, లోపల ఎడమ బొటనవేలు అని రాశాడు. ఆ గుండ్రం చుట్టూ ఆమె పేరుని నాలుగు ముక్కలుగా విరిచి పైనొకటి, కిందొకటి, అటూ ఇటూ ఒక్కొక్కటి పెట్టాడు. కింద ఇద్దరు సాక్షులు. మొదటి సాక్షి పడమటి చేనువాడు, నాకు ముందురోజు అన్నం పెట్టినవాళ్ళ తాత.

ఆడపిల్లకి పుట్టుకతో భాగం ఉండాలని ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 1980ల నడుమ. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. ఆంధ్రప్రదేశ్ చట్టానికి యాభై ఏళ్ళు ముందే చదువురాని ఒక విధవరాలు తనకి చట్టం వదిలిన ఎకరంలోనే ఆ పని చేసింది. పెద్ద మాటలేమీ వాడలేదు. కారణం ఒక వాక్యం, ఇద్దరు సాక్షులు, బొటనవేలు. వీలునామా అంటే పోయేవాడు మిగిలేవాళ్ళ నోరు నొక్కే కాగితం అనుకునేదాన్ని. లెక్కలో లేనివాళ్ళని లెక్కలోకి తేవడానికీ అది పనికొస్తుందని ఇక్కడ చూశాను.

తిరిగొచ్చే ముందు పెద్దాయన మనవడు బండి మీద ఆ చేను దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడది వేరేవాళ్ళది, మిరప వేశారు. బావి ఉంది. సర్కారు తుమ్మ మొలిచి సగం పూడింది. ఒరలో రాతికి మోట తాడు ఒరుసుకుని పడ్డ గాడి నా అరచేయి పట్టేంత లోతుంది. ఈ గాడిలో మూడోవంతు మాది అనుకుంటే నవ్వొచ్చింది. కాలువ నీళ్ళొచ్చాక ఆ వంతుల కోసం తగువు పడేవాళ్ళు లేరు, బావి వైపు చూసేవాళ్ళూ లేరు.

హైదరాబాదు వచ్చాక మా ఫ్లాటు దస్తావేజు తీసి చూశాను. నాలుగు హద్దులున్నాయి. తూర్పు: ఖాళీ ఆకాశం. పడమర: కారిడారు. ఉత్తరం: ఖాళీ ఆకాశం. దక్షిణం: ఫ్లాటు నంబరు. మనిషి పేరు ఒక్కటీ లేదు. దస్తావేజు చట్టప్రకారం పక్కాగా ఉంది, బ్యాంకు కూడా ఒప్పుకుంది. కానీ వందేళ్ళ తర్వాత మా మునిమనవరాలు వెతుక్కుంటూ వస్తే ఆమెకి ఆకాశం ఏం చెబుతుంది?

అందుకే రొంపిచెర్ల నాకు నేర్పినదాన్ని ఇంటి చరిత్ర వెతికేవాళ్ళందరికీ చెబుతున్నాను. ఇంటిపేరుతో మొదలుపెట్టకండి, అది మగవాళ్ళ దారే చూపిస్తుంది. సర్వే నంబరుతో మొదలుపెట్టండి. మీ కాగితాలు లేకపోతే దిగులుపడకుండా నాలుగు హద్దుల వాళ్ళ కాగితాలు అడగండి. సాక్షుల సంతకాలు వదిలేయకండి. ఆ సాక్షుల మనవలు ఇంకా ఊళ్ళోనే ఉంటే వెళ్ళి కలవండి. మీకు తెలియని మీ సంగతులు వాళ్ళకి తెలుసు, భోజనం కూడా పెడతారు. పచ్చడి మాత్రం నెయ్యి పోసుకునే కలుపుకోండి.